కథలో మాటలు ఏరి కవిత: ‘నుంచి’ తీసేస్తే దొంగాటా?

గుంటూరు తెలుగు టీచరు:
నమస్కారమండీ. నేను తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. శుక్రవారం చివరి పీరియడ్‌లో పిల్లలతో ఫౌండ్ పొయెమ్ చేయించాను. కథలో ఉన్న మాటలే ఏరుకోవాలి, సొంత మాట ఒక్కటీ కలపకూడదు, పాదాలుగా విరిచి పేర్చాలి. గురజాడ ‘దిద్దుబాటు’ జెరాక్స్ తీయించి ఇచ్చాను. 1910లో వచ్చిన కథే అయినా చిన్నది, పిల్లలకి నవ్వూ వస్తుంది.

సగంమంది కథని కుదించి రాసిచ్చారు. గోపాలరావు ఆలస్యంగా వచ్చాడు, భార్య లేదు, ఉత్తరం ఉంది... పరీక్షల అలవాటు, ఏం చేస్తాం! కొందరైతే బాగున్న మాటలన్నిటి కిందా గీతలు కొట్టి కాగితం నింపేశారు. వెనక బెంచీ కుర్రాడొకడు మాత్రం ఇది ఇచ్చాడు:

తలుపు
తలుపు
ఒంటిగంట
మంచం కింద
నవ్వు

నేను రెండుసార్లు చదువుకున్నాను. ఈలోగా ముందు బెంచీ అమ్మాయి లేచి, “దొంగాట మేడం! కథలో దాక్కున్న భార్య నవ్వు మంచం కింద నుంచి వచ్చింది. వీడు ‘నుంచి’ మింగేశాడు” అంది. నాకు జవాబు తోచలేదు. ‘నుంచి’ అంటే విడి మాట, పోనీ అనుకుందాం. మరి ‘గదిలో’ అని ఉంటే ‘గది’ ఒక్కటే తీసుకోవచ్చా?

బెజవాడ పాత మాస్టారు:
అమ్మా, నా లెక్క ఒకటే. తెంపొచ్చు, అతికించకూడదు. ‘గదిలో’ నుంచి ‘గది’ తెంపుకోనివ్వండి. ‘గది’కి ‘లో’ తగిలిస్తే మాత్రం ఒప్పుకోకండి. అసలు మజా ‘ఇంట్లో’ దగ్గరుంది. ఎంత కత్తిరించినా అందులోంచి ‘ఇల్లు’ ఊడిరాదు. ‘కంటికి’లోంచి ‘కన్ను’ రాదు. ఆ మాట కావాలంటే పిల్లలు మళ్లీ కథంతా వెతుక్కోవాల్సిందే. విభక్తి చేరేముందు ఇలా మాట రూపు మార్చే ఔపవిభక్తికాల పాఠం ఆ రోజే చెప్పేయండి, నల్లబల్ల మీద చెప్పినదానికంటే బాగా ఎక్కుతుంది.

ఇంకోటి, కథ మొత్తం ఇవ్వకండి. పైకి చదివి వినిపించాక ఒక్క పేజీ చేతికివ్వండి. ముందు పెన్సిల్, తర్వాతే స్కెచ్ పెన్.

తెనాలి నుంచి ఒక తండ్రి:
మా వాడికీ ఇలాంటిదే ఇచ్చారండీ. కథ చదవకుండా మాటలేరి పడేశాడు. ఏమన్నా అనుకోండి, నాకిది కథని కూరగాయల్లా తరగడంలా ఉంది.

బెజవాడ పాత మాస్టారు:
చదవకుండా ఏరితే అంతే సార్. అందుకే పైకి చదవమన్నది. టీచరుగారూ, స్కూలు పత్రికలో వేస్తే కవిత కింద కథ పేరు, రచయిత పేరు తప్పకుండా వేయండి. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే కాపీరైట్ గొడవ ఉండదు. గురజాడ 1915లోనే పోయారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు కాబట్టి 2022 నుంచి వారి కథలూ వాడుకోవచ్చు. ఆ సంభాషణల్లో మాటలకి కొదవ లేదు.

గుంటూరు తెలుగు టీచరు:
ధన్యవాదాలు మాస్టారూ. ఇవాళ ఆ కుర్రాణ్నే అడిగాను, ‘నుంచి’ ఎందుకు తీశావురా అని. “అదుంటే నవ్వు బయటకి వచ్చేసిద్ది మేడం. నాకు లోపలే ఉండాలి” అన్నాడు. ముందు బెంచీ అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు.