నలువునా, చెలువునా? మధ్యలో ఒక ‘ట’

తామరపాకు: అన్నమయ్య ‘ఏమొకో చిగురుటధరమున’ మొదటి చరణంలో ‘ప్రాణేశ్వరుపై నాటిన యా కొనచూపులు’కు ముందున్న మాట ఏమిటి? నలువునా, చెలువునా? నిన్నటి నుంచి నాలుక మీద రెండూ తిరుగుతున్నాయి. చివరి ‘నిలువున పెరుకగ నంటిన నెత్తురు కాదు కదా’ మాత్రం గట్టిగా గుర్తుంది.

కందపద్యం: నలువున. ప్రాస రెండింటికీ సరిపోతుంది, పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాల్సిన యతి దగ్గరే తేలిపోతుంది. నలువునకు నాటిన, నిలువునకు నెత్తురు. ‘చెలువున’ అంటే ‘నాటిన’ను దేనికి అతికిస్తారు? పైగా అంతకు ముందే ‘చెలువంబిప్పుడిదేమో చింతింపరె’ అన్నాడు. వెంటనే అదే మాట మళ్లీ వాడే కవి కాదు.

పాతఅట్ట: యతి ఒప్పుకున్నాం. అర్థం సంగతి? నలువు అంటే అందమని చాలామంది దాటేస్తారు. ఇక్కడ నేర్పు అనుకోవాలి. చూపులు నాటడానికి అందం ఎందుకు, గురి కావాలి గానీ.

తామరపాకు: పొందిక అన్న అర్థం కూడా ఉంది కదండీ?

ఏకతాళం: నలువు అలా ఉండనివ్వండి. పల్లవిలో ఆ ‘ట’ సంగతి ఎవరూ ఎత్తరేం? తిలంగు రాగంలో పాడేవారు ‘చిగురుట’ దగ్గర ఆగి ‘ధరమున’ అని అందుకుంటారు. ధరం ఏమిటండీ, కొండా? అధరం నోట్లోనే విరిగిపోతోంది.

కందపద్యం: టుగాగమం, రెండు మాటలు కలిసేచోట మధ్యలో ‘ట’ వచ్చి చేరడం. చిగురాకు, చిగురుటాకు రెండూ ఒప్పే. ‘చిగురధరమున’ అన్నా తప్పు లేదు.

వీణమెట్టు: వ్యాకరణానికి తప్పు లేదు, నడకకు ఉంది. నాలుగేసి మాత్రల గణాలు వేసి చూడండి. చిగురుట / ధరమున. ‘ట’ తీసేస్తే ఒక మాత్ర లోటు. ‘కలికిచ / కోరా / క్షికికడ’, ‘నలువున / ప్రాణే / శ్వరుపై’, ఎక్కడ చూసినా మూడు గణాలకు పన్నెండు మాత్రలు, నాలుగో గణం మొదట యతి. గాయకుడు విరుస్తున్నది సరిగ్గా గణం విరిగే చోటే. తప్పు గొంతుది కాదు, తూకానిది.

ఏకతాళం: మరి ‘ఏమొకో’ అయిదు మాత్రలు. మీ లెక్క మొదటి అడుగులోనే తప్పింది.

వీణమెట్టు: ‘ఏమొకొ’ అని హ్రస్వంగా చదవండి. తర్వాతి ‘యెడనెడ కస్తూరి నిండెను’లో ‘కస్తూరి’ని కూడా ‘కస్తురి’ అనండి. పన్నెండూ పన్నెండూ.

ఏకతాళం: లెక్క కోసం రెండు అక్షరాలు కోశారు. నాకు నచ్చలేదు.

పాతఅట్ట: ఇలాంటి చోట రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు గుర్తుకొస్తారు. అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. మాట ఎక్కడ విరగాలో తెలిసినవాడే వరుస కట్టాలి. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పారు, బిడారం కృష్ణప్ప గారి దగ్గర సంగీతం నేర్చారు. అటు యతీ ఇటు లయా తెలిసిన మనిషి తిరుపతికి రావడం అన్నమయ్య అదృష్టం. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1950లో పోయాక అన్నమయ్య పాటల పని ఈయన చేతుల్లో నిలబడింది.

కందపద్యం: సంగీతజ్ఞుడిగా 1974లో సంగీత కళానిధి ఇచ్చారు, సంతోషమే. నా ఓటు మాత్రం వేమన ఉపన్యాసాలకు. తెలుగులో ఒక కవిని అలా నిలబెట్టి మాట్లాడిన పుస్తకం మరొకటి చూపించండి.

వీణమెట్టు: చూపిస్తాను, ఆయనదే. ‘నిగమశర్మ అక్క’ వ్యాసం. ‘పాండురంగ మాహాత్మ్యం’లో తెనాలి రామకృష్ణుడు పేరైనా పెట్టని ఆ ఇల్లాలిని పట్టుకుని, తమ్ముడు సొమ్ములు మూటగట్టుకుని పారిపోతే కొత్త ముక్కర కోసం ఆవిడ ఏడ్చిన ఏడుపు దాకా తీసుకువెళ్లారు. సంగీతం తెలిసినవాడి విమర్శ అలా ఉంటుంది, చిన్న స్వరం కూడా చెవి దాటిపోదు.

కందపద్యం: అది సంగీతం వల్ల కాదు, ప్రబంధాలు చదవడం వల్ల.

ఏకతాళం: జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ని తెలుగు చేసిందీ ఆయనే. దాన్ని మాత్రం ఎవరూ తలచుకోరు. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళపతి, నాట్యం మీద సంస్కృతంలో శాస్త్రం రాస్తే, అనంతపురం జిల్లా మనిషి తెలుగులో పెట్టాడు. మీరేమో ముక్కర దగ్గర ఆగిపోయారు.

తామరపాకు: నాకు జవాబు సగమే దొరికింది. నలువు అంటే ఇక్కడ నేర్పా, పొందికా?

పాతఅట్ట: నేర్పు.

వీణమెట్టు: పొందిక. నాటినవి ‘నిలువున’ పెరకాల్సి వచ్చిందంటే అంత బాగా అతుక్కున్నాయని. నేర్పు విసిరేటప్పుడు, ఇక్కడున్నది దిగిన తర్వాతి సంగతి.

ఏకతాళం: ‘కస్తురి’ మాత్రం ఒప్పుకోను.