నీళ్లు తాగడం ఆపని మనిషికి కుళాయి కట్టేయాలా?

తమ్ముడు (హనుమకొండ):
మా అన్నయ్యకు స్కిజోఫ్రీనియా, ఎవరూ లేకపోయినా మాటలు వినిపించే మానసిక జబ్బు. 11 ఏళ్లుగా మందులు వాడుతున్నాడు. ఏడాదిగా లేచిన దగ్గర్నుంచి నీళ్లే నీళ్లు. బిందె దాచేస్తే బాత్రూం కుళాయి కింద నోరు పెడుతున్నాడు. పోయిన నెల ఫిట్స్ వచ్చాయి. రక్తంలో సోడియం 118కి పడిపోయింది, 135 నుంచి 145 దాకా ఉండాలట. చుట్టాలేమో కుళాయిలకు తాళం వేయమంటున్నారు. ఈ ఎండల్లో ఆ పని చేయడానికి నాకు చేతులు రావడం లేదు.

వేపచెట్టు:
తాళం వేయాల్సిందే తమ్ముడూ. ఫిట్స్ వచ్చాక కూడా ఆలోచనేంటి? రోజూ కాస్త ఉప్పునీళ్లు పట్టించండి.

ఒక అమ్మ:
ఇలాంటి సలహా విని మా అబ్బాయిని పోగొట్టుకోబోయాం. వాడికి బైపోలార్, కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు. దానికి లిథియం వాడతాడు. ఆ మందు కొందరిలో కిడ్నీకి నీరు నిలుపుకునే శక్తి తగ్గిస్తుంది. మూత్రం ధారాళంగా పోతుంది, అందుకే దాహం. అది తెలియక పిచ్చి అలవాటనుకుని నీళ్లు తగ్గించాం. చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది, నడక తూలింది. ఒంట్లో నీరు తగ్గేసరికి లిథియం పేరుకుని విషమైంది. ముందు ఏ మందులు వాడుతున్నారో చూడండి నాయనా.

వార్డు నర్సు:
అమ్మా, మీ అబ్బాయిదీ వీళ్ల అన్నయ్యదీ పైకి ఒకేలా కనిపించే రెండు వేరే సమస్యలు. కిడ్నీ నీరు వదిలేస్తుంటే సోడియం మామూలుగానో ఎక్కువగానో ఉంటుంది. తాగడమే ఎక్కువైతే పడిపోతుంది. కిడ్నీ గంటకు సుమారు లీటరుకు మించి బయటికి పంపలేదు, మిగిలిన నీటికి మెదడు వాస్తుంది. షుగర్ పరీక్ష ఎలాగూ చేయించాలి. కొన్ని మందులకు నోరు ఎండిపోతుంది, అదీ డాక్టరుకు చెప్పండి. ఉప్పునీళ్లు మాత్రం వద్దు, సోడియం గబుక్కున పెరిగినా మెదడుకు ప్రమాదమే. నీళ్లు తగ్గించాలి నిజమే, కానీ ఎంతన్నది డాక్టరు చెప్పాలి. మా వార్డులో పొద్దున, సాయంత్రం బరువు తూస్తాం. ఒక్క రోజులో 5 శాతం పెరిగితే వెంటనే సోడియం చూస్తాం. తలనొప్పి, వాంతులు, మత్తు కనిపిస్తే ఇంట్లో ఉంచకండి.

వేపచెట్టు:
ఉప్పునీళ్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. తాళం మాట కాదు. రాత్రి మీరు నిద్రపోతే ఎవరు చూస్తారు?

తమ్ముడు (హనుమకొండ):
అన్నా, నేను వాడి గదిలోనే పడుకుంటున్నాను, బాత్రూం తలుపు చప్పుడైతే మెలకువ వస్తుంది. వాడి మందుల్లో లిథియం లేదు. నిన్న మొదటిసారి అడిగాను, ఎందుకురా ఇన్ని నీళ్లు అని. "తాగుతుంటే చెవిలో మాటలు తగ్గుతాయిరా" అన్నాడు. ఏడాదిగా బిందెలు దాచాను గానీ ఈ మాట అడగలేదు. బరువు మిషన్ తెచ్చాను. పొద్దున 60, సాయంత్రం 62. రేపు ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. అంకెలు అన్నయ్యే రాస్తున్నాడు.