పాత డీజిల్ కారుకు 85 వేలు పెట్టాలా, కొత్తది తీసుకోవాలా?

మాది హన్మకొండ. నాన్న 2012లో కొన్న డీజిల్ కారు, ఇప్పటికి 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల ములుగు నుంచి వస్తుంటే పికప్ పూర్తిగా పడిపోయి వెనక నల్లటి పొగ, అమ్మ పక్కనే ఉంది, చాలా భయపడ్డాం. మెకానిక్ చూసి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) పోయింది, రెండు ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి), క్లచ్ సెట్టు కూడా మార్చాలి, అంతా కలిపి 85 వేలు అన్నాడు. అమ్ముదామంటే లక్షన్నర మించి ఎవరూ అడగట్లేదు.

ఇంకో టెన్షన్, 2027లో 15 ఏళ్లు నిండుతాయి. అప్పుడు ఆర్‌సీ రెన్యువల్, ఫిట్‌నెస్, పాత బండ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ అన్నీ ఉంటాయి కదా.

కొత్తదంటే 6 లక్షల లోన్ తీసుకోవాలి. 9.5 శాతం వడ్డీకి ఐదేళ్లు నెలకు 12,600 కట్టాలి, అంటే మొత్తం ఏడున్నర లక్షలు దాటుతుంది. మేం తిరిగేది నెలకు 600 కిలోమీటర్లే, అంత ఈఎంఐ మాకు భారమే.

డబ్బు పెట్టే ముందు ఇంజిన్ కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా ఉందో చూసేది) చేయిస్తే సరిపోతుందా? రీకండిషన్డ్ (పాతదాన్నే బాగుచేసిన) టర్బో వేయించినవాళ్లు ఉంటే ఎన్నాళ్లు నడిచిందో చెప్పండి. వరంగల్, కాజీపేట వైపు డీజిల్ పంపు, ఇంజెక్టర్ల పని బాగా తెలిసినవాళ్లు ఉన్నా చెప్పండి ప్లీజ్, ఈ వారంలో తేల్చుకోవాలి.