‘అనుసంధానం’ ఒక్కటే సరిపోతుందా? ఒక మాట మీద మీ సలహా కావాలి

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను.

నేను సాఫ్ట్‌వేర్ సహాయ పేజీలు తెలుగులో రాస్తుంటాను. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆఫీసుల్లో వాడే సెర్చ్ గురించి. ఉద్యోగి ఒక మాట టైప్ చేస్తే మెయిళ్లు, ఫైళ్లే కాదు, వేరే కంపెనీలు చేసిన యాప్‌లలో ఉన్నది కూడా ఒకేచోట కనిపించాలి. సేల్స్‌ఫోర్స్‌లో కస్టమర్ వివరాలు, జిరాలో పనుల టికెట్లు, అలాంటివన్నీ. గూగుల్ క్లౌడ్ సెర్చ్, మైక్రోసాఫ్ట్ సెర్చ్, ఎలాస్టిక్‌సెర్చ్ ఈ పని చేస్తాయి. ఆ యాప్‌కీ సెర్చ్‌కీ మధ్య నిలబడి సమాచారం మోసుకొచ్చే ప్రోగ్రామ్‌ని కనెక్టర్ అంటారు.

నేను మొదట రాసిన వాక్యం ఇదీ: ‘తృతీయ పక్ష అనువర్తనాల దత్తాంశాన్ని శోధన వేదికకు అనుసంధానించండి.’ వ్యాకరణం తప్పు లేదు. మా ఆడపడుచు ఒక ఆఫీసులో హెచ్‌ఆర్ విభాగంలో పని చేస్తుంది. తనకు చదివి వినిపిస్తే కాసేపు ఆలోచించి ఇలా అడిగింది: ‘వదినా, అయితే మా జీతాల షీట్లు అన్నీ అందులోకి వెళ్లిపోతాయా? లేక ఎక్కడివక్కడే ఉంటాయా?’

ఆ టెన్షన్ న్యాయమైనది. నా వాక్యంలో దానికి జవాబు లేదు. ఎందుకు లేదా అని చూస్తే, మనం అనుసంధానం అన్న మాటను రెండు వేరువేరు పనులకు వాడుతున్నాం. పాన్‌తో ఆధార్ అనుసంధానం అంటే రెండు నంబర్లూ ఒకే మనిషివని రాసుకోవడం. అటు నుంచి ఇటు ఏదీ పారదు. నదుల అనుసంధానం అంటే నీళ్లు నిజంగానే తరలిపోతాయి. 2015లో పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువ మీదుగా వచ్చి కృష్ణలో కలిశాయి. అలా వచ్చిన నీళ్లు ఇక గోదావరిలో ఉండవు. మా ఆడపడుచు మనసులో ఉన్నది రెండోదే.

కనెక్టర్ చేసేది అదీ కాదు, ఇదీ కాదు. అసలు ఫైల్ తన చోటే ఉంటుంది. కనెక్టర్ దాన్ని చదివి, అందులోని మాటలనూ శీర్షికనూ తేదీనీ సెర్చ్‌కి అందిస్తుంది. సెర్చ్ ఆ మాటలను విడదీసి, ఏ మాట ఏ ఫైల్లో ఉందో సూచికలో రాసుకుంటుంది. పుస్తకం చివర ఉండే పదసూచి లాంటిదే, కాకపోతే చాలా పెద్దది. ఈ పనికి ‘సూచికీకరణ’ అని రాసి చూశాను. చదువుతుంటే నాకే నోరు తిరగడం లేదు. మీరైతే ఏమంటారు?

*

అమ్మా, అనుసంధానాన్ని అంత తొందరగా వదిలేయకండి. దాని ముచ్చట కొంచెం వినండి.

సం, ధా కలిస్తే సంధానం. ఒకచోట చేర్చి పెట్టడం. సంధి అక్కడిదే, బాణం సంధించడమూ అక్కడిదే. ముందు ‘అను’ చేరితే వెంట వెళ్లడం, విడవకుండా పట్టుకోవడం అన్న ఛాయ వస్తుంది. అందుకే సంస్కృతంలో ఈ మాటకు కలపడంతో పాటు వెతకడం, విచారించడం అన్న అర్థాలూ ఉన్నాయి. హిందీలో రెండో అర్థమే స్థిరపడింది. మనం అంతరిక్ష పరిశోధన సంస్థ అనేదాన్ని వాళ్లు అంతరిక్ష్ అనుసంధాన్ సంగఠన్ అంటారు. వేదాంతంలో స్వస్వరూపానుసంధానం అంటే తన నిజరూపాన్ని ఎడతెగకుండా తలుచుకోవడం. వైష్ణవుల ఇళ్లలో పాశురాలను ‘అనుసంధించారు’ అని ఇప్పటికీ అంటారు.

అంటే వెతకడం, కలపడం ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. సెర్చ్‌కి కలిపే పనికి ఇంతకన్నా తగిన మాట నాకైతే తోచడం లేదు. లంకె కూడా మంచి మాటే, తెలుగు వికీపీడియాలో స్థిరపడింది. లంకెబిందెల్లో ఉన్నదీ అదే లంకె. కానీ ఇప్పుడు లంకె అంటే నొక్కితే వేరే పేజీకి తీసుకెళ్లేది అనే జనం అనుకుంటున్నారు.

*

మాస్టారు చెప్పింది బాగుంది. కానీ వదినగారి ఆడపడుచు ప్రశ్నకు జవాబు మా ఊళ్లో రోజూ వాడే మాటలోనే ఉంది: ఎక్కించడం.

‘రేషన్ కార్డులో పిల్లాడి పేరు ఎక్కించారా?’, ‘పొలం అడంగల్‌లో ఎక్కిందా?’ అంటాం కదా. (తెలంగాణ మిత్రులకు పహాణీ.) అడంగల్‌లో ఎక్కించినంత మాత్రాన పొలం తహసీల్దారు ఆఫీసుకు నడిచి రాదు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి సాగులో ఉంది, ఏ పంట వేశారు, ఇవి మాత్రమే ఎక్కుతాయి. మీరు చెప్పిన సూచిక అచ్చం అదే. ‘ఫైళ్ల వివరాలను సెర్చ్ సూచికలో ఎక్కిస్తుంది’ అని రాయండి, మా అమ్మకు కూడా అర్థమవుతుంది.

ఇంకోటి. ‘తృతీయ పక్షం’ వద్దండీ. బండి ఇన్సూరెన్స్ పుణ్యమా అని థర్డ్ పార్టీ అందరికీ తెలుసు.

*

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. ‘ఎక్కించడం’ చదవగానే మనసు తేలికపడింది. అడంగల్ పోలిక ఇంకా దూరం వెళ్తుంది, చూడండి.

పొలం అమ్మేసినా మ్యుటేషన్ జరిగేదాకా రికార్డులో పాత పేరే ఉంటుంది. సెర్చ్‌లోనూ అంతే. యాప్‌లో ఫైల్ తీసేసినా కనెక్టర్ మళ్లీ వచ్చి చూసేదాకా సూచికలో అది కనిపిస్తూనే ఉండొచ్చు. అందుకే కనెక్టర్లు మొదట ఒకసారి అన్నీ ఎక్కించి, తర్వాత మారినవి మాత్రం ఎప్పటికప్పుడు సరిచేస్తుంటాయి. దీనికి ‘సమకాలీకరణ’ అని రాసి పెట్టుకున్నాను. ఇప్పుడు కొట్టేసి ‘మార్పులు ఎక్కించడం’ అని రాశాను.

అయితే ఒక చోట పోలిక ఆగిపోతుంది, అది దాచకూడదు. అడంగల్‌లో పొలం మట్టి రాదు కానీ, సూచికలోకి ఫైల్లోని మాటలు వస్తాయి. అసలు ఫైల్ కదలకపోయినా, జీతాల షీట్‌లో ఉన్న అంకె సెర్చ్ ఫలితంలో కనిపించగలదు. కాబట్టి ఎవరు చూడొచ్చో ఆ జాబితా కూడా ఫైల్ వెంటే ఎక్కాలి. అది ఎక్కకపోతే జీతాల షీట్ ఆఫీసంతటికీ కనిపించే ప్రమాదం ఉంది. ‘ఎక్కడివక్కడే ఉంటాయి, భయం లేదు’ అని రాసేస్తే అబద్ధం చెప్పినట్టే. ‘ఫైల్ కదలదు, అందులోని మాటలు అనుమతులతో సహా సూచికలో ఎక్కుతాయి’ అని రాయాలి.

మాస్టారూ, మీ మాట అక్కడే పనికొచ్చింది. ఒకే ఉద్యోగికి మెయిల్లో ఒక ఐడీ, జిరాలో ఇంకో ఐడీ ఉంటుంది. రెండూ ఒకరివేనని తెలియకపోతే ఆ అనుమతుల జాబితా ఎందుకూ కొరగాదు. అందుకే గూగుల్ క్లౌడ్ సెర్చ్‌లో కనెక్టర్లు రెండు రకాలు. ఒకటి సమాచారాన్ని తెస్తుంది, ఇంకోటి ఎవరు ఎవరో చెబుతుంది. ఈ రెండోది అచ్చంగా మన ఆధార్-పాన్ అనుసంధానమే! కాబట్టి సమాచారాన్ని ఎక్కిద్దాం, ఐడీలను అనుసంధానిద్దాం. ఏమీ ఎక్కించకుండా, వెతికిన ప్రతిసారీ ఆ యాప్‌నే అడిగే పద్ధతి కూడా ఉంది. దానికి ‘అప్పటికప్పుడు అడిగి తేవడం’ అని రాశాను, పొడుగైనా ఫర్వాలేదు.

‘థర్డ్ పార్టీ యాప్’ బాగానే ఉంది కానీ ‘వేరే కంపెనీ యాప్’ అని రాశాను. ‘బయటి యాప్’ అంటే ఆఫీసుకే సంబంధం లేనిదనుకుంటారు.

*

చిన్న మాట. వాడకందారు తెలుగులోనే వెతుకుతాడని మర్చిపోకండి. సూచికలో ‘పుస్తకమెక్కడ’ అని ఎక్కితే ‘పుస్తకం’ అని వెతికినవాడికి దొరుకుతుందా? సంధి ఇక్కడ అడ్డం పడుతుంది.

*

నిజమే మాస్టారూ. ఎలాస్టిక్‌సెర్చ్‌కి అడుగున ఉండి అసలు వెతికే పని చేసేది లూసీన్ అనే ప్రోగ్రామ్. 2021లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి అందులో తెలుగు కోసం ప్రత్యేక భాగం ఉంది. పదం చివరి ప్రత్యయాలను తుంచడానికి ప్రయత్నిస్తుంది. సంధి విడదీయడం మాత్రం దాని పని కాదు. అందుకే ఫైళ్ల పేర్లలో పదాలు విడివిడిగా రాయమని పేజీలో ఒక వాక్యం చేర్చాను.

ఇప్పటికి పేజీ మొదలు ఇలా ఉంది: ‘వేరే కంపెనీ యాప్‌లో ఉన్న సమాచారం మీ సెర్చ్‌లో కనిపించాలంటే కనెక్టర్ కావాలి. అసలు ఫైళ్లు ఆ యాప్‌లోనే ఉంటాయి. వాటిలోని మాటలను, ఎవరెవరు చూడొచ్చో ఆ వివరాన్ని కనెక్టర్ సెర్చ్ సూచికలో ఎక్కిస్తుంది.’ మా ఆడపడుచుకు మళ్లీ చదివి వినిపించాను. ఈసారి ‘అయితే మా మేనేజర్ మాత్రమే చూడగలిగేవి నాకు కనబడవు కదా’ అంది. అదే కావలసింది.

ఇంకొక్కటి తేలలేదు. ఎక్కించినదాన్ని సూచికలోంచి తొలగించడానికి ‘తీసేయడం’ అనాలా, ‘కొట్టేయడం’ అనాలా? రికార్డులో పేరు కొట్టేశారు అంటాం కాబట్టి ఎక్కించడానికి అదే సరైన జోడీ. కానీ ‘కనెక్టర్ ఫైల్‌ను కొట్టేస్తుంది’ అని రాస్తే దొంగతనం అనుకుంటారేమోనని భయంగా ఉంది. మీ ఊళ్లలో ఏమంటారో చెప్పండి.