చెక్క కిటికీలు: బాగుచేయించాలా, మార్చేయాలా?

కొత్తగాలి:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో కిటికీలన్నీ చెక్కవే, ఇల్లు కట్టినప్పటివి. పాతికేళ్లు దాటాయి. వానాకాలం వస్తే రెక్కలు ఉబ్బి బిగుసుకుపోతాయి. పడమటి వైపు రెండింటికి కింది చెక్క మెత్తబడింది. వాటిలో ఒకదాని కింద గోడ మీద చెమ్మ మరక ఏటేటా పెద్దదవుతోంది. కొలతలు తీసుకోవడానికి వచ్చిన ఒక కంపెనీ మనిషి "ఇరవై ఏళ్లు దాటాయంటే అన్నీ మార్చాల్సిందే మేడమ్" అన్నాడు. మా ఆయనేమో బాగుచేయిస్తే చాలంటారు. అసలు కిటికీకి ఇన్నేళ్లు అని ఆయుష్షు ఉంటుందా? మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

చిత్రిక:
ఆ ఇరవై ఏళ్ల లెక్క అమ్మేవాడిది, చెక్కది కాదు. మాది తరాలుగా వడ్రంగి పని, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఒక స్క్రూడ్రైవర్ తీసుకోండి. చట్రం కింది మూలలు, రెక్క కింది అడ్డచెక్క, చట్రం గోడను తాకే చోటు, ఈ మూడింటిలో గట్టిగా గుచ్చి చూడండి. మొన ఆగిపోతే, పైన రంగు ఎంత పెచ్చులూడినా సరే, లోపల చెక్క బాగున్నట్టే. అర అంగుళం మెత్తగా దిగిపోతే పుచ్చినట్టు. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే పుచ్చు మొదలవుతుంది. రెక్కలోనే పుచ్చితే ఆ ముక్క కోసేసి కొత్త చెక్క అతకవచ్చు. చట్రం నిలువు చెక్కలు సగం దాకా పోయినా, గోడ లోపలి నుంచి చెదలు వస్తున్నా అప్పుడు మార్చండి, వద్దనను.

వానకు బిగుసుకోవడానికి కారణం వేరే. రెక్క పై అంచుకూ కింది అంచుకూ ఎవరూ రంగు వేయరు, కనపడవు కదా. అక్కడ చెక్క నార కొసలు తెరుచుకుని ఉంటాయి, నీళ్లన్నీ అక్కడి నుంచే పీలుస్తుంది. ఎండాకాలంలో రెక్కలు దించి, కొద్దిగా చిత్రిక పట్టి, ఆ అంచులకు రెండు పూతలు రంగు వేయిస్తే సగం గొడవ తీరుతుంది.

వానచినుకు:
మార్చేయండి, హాయిగా ఉంటుంది. మేం మార్చేశాం.

మూడో అంతస్తు:
చిత్రిక గారూ, మీరు చెప్పినదంతా కిటికీ కూలిపోకుండా ఎలా నిలబెట్టాలో చెప్పినట్టుంది. నిలబడితే చాలా? కిటికీ మూసి చుట్టూ వెలిగించిన అగరుబత్తి తిప్పండి. పొగ పక్కకు లాగేస్తే ఆ సందులోంచి గాలీ దుమ్మూ మోతా అన్నీ వస్తున్నట్టే. రెక్కకూ చట్రానికీ మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ బిగింపు లేదు.

ఇక వేడి సంగతి. ఒంటి అద్దానికి వేడిని వదిలే కొలత, అంటే యూ వాల్యూ, సుమారు 5.7. మామూలు జంట అద్దానికి 2.8 ఉంటుంది. లో-ఈ పూత, అంటే వేడిని వెనక్కి తిప్పే సన్నటి పూత వేసి, మధ్యలో ఆర్గాన్ వాయువు నింపితే 1.2 దరిదాపుల్లోకి దిగుతుంది. తక్కువైతే మంచిది. ఎంత రంగు వేసినా పాత ఒంటి అద్దానికి ఈ గుణం రాదు. మాది రోడ్డు పక్క ఇల్లు. మార్చాకే రాత్రి నిద్ర పట్టింది.

చిత్రిక:
జంట అద్దాల కథ నాకు చెప్పకండి. మా చెల్లెలింట్లో పెట్టించారు. కొన్నాళ్లకే రెండద్దాల మధ్య పొగమంచులా చెమ్మ పట్టింది. తుడుద్దామంటే చెయ్యి లోపలికి పోదు. పెట్టినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. మా నాన్న చేసిన కిటికీకి అద్దం పగిలితే లప్పం గీకి మధ్యాహ్నానికి కొత్తది పెట్టేసేవాళ్లం. బాగుచేయడం కుదరని వస్తువును ఇంట్లో పెట్టుకోవడమెందుకు?

మూడో అంతస్తు:
ఒక్క ఇంటి అనుభవంతో అన్నిటినీ తీసేయకండి. అద్దం మీద చెమ్మ మూడు చోట్ల పడుతుంది, మూడింటికీ అర్థం వేరు. లోపలి వైపు పడితే గదిలో తేమ ఎక్కువై, అద్దం చల్లగా ఉందని. వంటింట్లో, స్నానాల గదిలో గాలి బయటికి పంపే ఏర్పాటు చూసుకోవాలి. తెల్లవారుజామున బయటి వైపు పడితే అద్దం లోపలి వేడిని బయటికి పోనివ్వట్లేదని, అది మంచిదే. రెండింటి మధ్య పడితేనే అంచు సీలు పోయినట్టు. అద్దాల మధ్య అంచు పట్టీలో తేమ పీల్చే గింజలుంటాయి. సీలు తెగాక అవి నిండిపోతాయి, ఆ తర్వాత చెమ్మ కనపడుతుంది. అప్పుడు కూడా కిటికీ అంతా మార్చనక్కర్లేదు. అద్దాన్ని పట్టి ఉంచే అంచు పట్టీ, అంటే బీడింగ్ తీసి జంట అద్దం ఒక్కటే మారుస్తారు. బాగుచేయడం కుదరదని ఎవరన్నారు?

పాతసామాను:
ఇంకో గుర్తు కూడా ఉంది. పాత అద్దం ఏళ్లు గడిచేకొద్దీ కిందికి జారుతుంది. అద్దం నిజానికి చాలా చిక్కటి ద్రవం. పాత భవనాల్లో అద్దం అడుగు మందంగా ఉండడం చూడలేదా? అలా అయితే మార్చాలి.

సున్నా డిగ్రీలు:
అది అపోహ సార్. మామూలు ఉష్ణోగ్రతలో అద్దం జారదు. పూర్వం అద్దాన్ని ఊది, తిప్పి, పరిచి చేసేవారు కాబట్టి పలక అంతటా ఒకే మందం ఉండేది కాదు. బిగించేవాళ్లు మందం వైపు కిందికి పెట్టిన చోట అలా కనిపిస్తుంది. అడుగు పలచగా ఉన్న పాత అద్దాలూ ఉన్నాయి. కరిగిన తగరం మీద అద్దాన్ని తేలించి చదునుగా చేసే ఫ్లోట్ పద్ధతిని పిల్కింగ్‌టన్ సంస్థ 1959లో ప్రకటించింది. సమానమైన మందం అందరికీ అందింది ఆ తర్వాతే.

పాతసామాను:
మా భౌతికశాస్త్రం మాస్టారు తరగతిలో చెప్పారు.

సున్నా డిగ్రీలు:
చెప్పి ఉండొచ్చు. అయినా జారదు.

పాతసామాను:
మీరు నూరేళ్లు కూర్చుని చూశారా జారలేదని?

కొత్తగాలి:
మా అద్దాలు బాగానే ఉన్నాయండీ. నా బాధ చెక్క గురించీ, గోడ మరక గురించీ.

తాపీపని:
ఎట్టకేలకు గోడ గుర్తొచ్చింది! అమ్మా, కిటికీ కింద మరక అంటే కిటికీదే తప్పని అందరూ అనుకుంటారు. ఒక ఇంట్లో కొత్త కిటికీలు పెట్టించుకుని, మొదటి వానకే నీళ్లు కారితే నా మీదికి వచ్చారు. నేను చెబుతూనే ఉన్నా, కింది గట్టు వాలు లోపలికి ఉందని. వినలేదు. చివరికి నా కూలి ఆపారు. ఆ మంట ఇంకా ఉంది.

పరీక్ష చెబుతాను. పొడి రోజు పైపుతో నీళ్లు పట్టండి, కానీ కింద నుంచి మొదలుపెట్టండి. ముందు గట్టు మీద కాసేపు, తర్వాత చట్రానికీ గోడకూ మధ్య అతుకు మీద, ఆ తర్వాత రెక్క మీద, చివరికి పైన సజ్జ మీద. ఒక మనిషి లోపల చూస్తూ ఉండాలి. ఎక్కడ పట్టినప్పుడు లోపల తడి కనిపిస్తే దారి అక్కడ. పై నుంచి మొదలుపెడితే నీళ్లన్నీ కిందికే వస్తాయి, ఏదీ తేలదు. గట్టు వాలు బయటికి ఉండాలి. దాని ముందంచు అడుగున నీటిబొట్టు తెగిపడేలా సన్నటి గాడి ఉండాలి. అది లేకపోతే నీళ్లు అడుగు వెంటే గోడకు పాకుతాయి. ఇవి సరిచేయకుండా బంగారు కిటికీ పెట్టినా మరక పోదు.

చిత్రిక:
చూశారా. నేను మొదటి నుంచీ అంటున్నది అదే. కిటికీ తప్పు లేదు.

మూడో అంతస్తు:
ఆయన అన్నది అది కాదు. కింది చెక్క మెత్తబడిందని ఆవిడే రాశారు కదా. గట్టు సరిచేస్తే పుచ్చిన చెక్క గట్టిపడుతుందా? మీకు కిటికీ ముఖ్యమో, వడ్రంగి పని ముఖ్యమో నాకు అర్థం కావట్లేదు.

చిత్రిక:
అక్కడికొచ్చారా. సరే, నేనూ చెబుతాను. ఏడాదికో రోజు కిటికీ కోసం కేటాయించే ఓపిక మీ కాలానికి లేదు. బందులకు రెండు చుక్కల నూనె, లేచిన రంగు మీద గీకుడు, పగిలిన లప్పం సరిచేయడం, ఇంతే పని. అది చేయలేక ప్లాస్టిక్ కొని, పచ్చబడ్డాక అదీ పారేస్తారు. బద్ధకానికి పెట్టుకున్న పేరే యూపీవీసీ.

మూడో అంతస్తు:
మంచి యూపీవీసీలో ఎండకు పాడవకుండా టైటానియం డయాక్సైడ్ కలుపుతారు, లోపల ఉక్కు పట్టీ ఉంటుంది. చవకది కొని తిడితే అది కొన్నవాడి తప్పు. మీ చెల్లెలింటి కోపం ఇక్కడ తీర్చుకోకండి.

చిత్రిక:
ఇంట్లోవాళ్ల ప్రస్తావన తెస్తే బాగుండదు.

మూడో అంతస్తు:
తెచ్చింది మీరే.

నిర్వాహకుడు:
ఇద్దరూ కిటికీల దగ్గర ఆగండి. తర్వాతి మాట ఇలాగే ఉంటే చర్చ మూసేస్తాను.

ఇంటిమనిషి:
ఇందాకటి నుంచి చదువుతున్నాను. "రెండు చుక్కల నూనె, గీకుడు, ఏడాదికో రోజు." చిత్రిక అన్నయ్యా, ఆ రోజు ఎవరిది? వడ్రంగిని వెతికేది, వాయిదాలు భరించేది, వచ్చినరోజు పని మానుకుని ఇంట్లో ఉండేది, చెక్కపొట్టు ఊడ్చేది ఎవరు? మా ఇంట్లో బాగుచేయిద్దాం అన్న ప్రతి వస్తువూ నా నెత్తినే పడింది. అన్నవాళ్లు అని వెళ్లిపోయారు. పాత రంగు పొడిగా గీకితే సీసం దుమ్ము లేస్తుంది, పిల్లలున్న ఇంట్లో అది విషం. తడిపి గీకాలి, ముఖానికి మాస్క్ ఉండాలి. మీ రెండు చుక్కల లెక్కలో ఇవేవీ లేవు.

చిత్రిక:
అమ్మా, అది ఇంట్లో మనుషుల సంగతి. కిటికీ సంగతి కాదు.

ఇంటిమనిషి:
తెరిచేదీ మూసేదీ మనిషే కదా. తెరవలేనప్పుడు అది కిటికీ సంగతే. మా అత్తగారికి మణికట్టు నొప్పి. ఉబ్బిన రెక్కను ఆవిడ కదల్చలేరు. పడకగది కిటికీ తెరుచుకోకపోతే, రేపు నిప్పంటుకుంటే బయటపడే దారి ఒకటి తగ్గినట్టే. స్క్రూడ్రైవర్ గుచ్చితే చెక్క గట్టిగానే ఉంది మరి, మార్చనక్కర్లేదంటారా?

వానచినుకు:
ఊచలు బిగించి ఉంటే కిటికీ తెరిచినా బయటపడలేరు. ఊచలకు తెరిచే తలుపు పెట్టించాలి. అది వేరే పని.

కొత్తగాలి:
ఇంటిమనిషి గారూ, నేను మొదట్లో రాయనిది మీరు రాసేశారు. మా ఆయన బాగుచేయిద్దాం అంటున్నది ఇప్పుడు కాదు, చాలా ఏళ్లుగా. వాన వచ్చినప్పుడు ఆయన ఆఫీసులో ఉంటారు. అన్ని గదులూ పరుగెత్తి రెక్కలు లాగేది నేను. ఒకసారి వేలు నలిగింది. నేను అడగాల్సిన ప్రశ్న చెక్క ఎన్నాళ్లు ఉంటుందని కాదేమో. ఈ చాకిరీ నేను ఎన్నాళ్లు చేయాలన్నది.

మూడో అంతస్తు:
అదైతే నేను చెప్పేది వినండి, కానీ అమ్మకం మాటగా కాదు. జారుడు కిటికీ తీసుకోకండి. సగమే తెరుచుకుంటుంది. పట్టాలో దుమ్ము చేరి నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుంటే వాన నీరు లోపలికే పొర్లుతుంది, అది శుభ్రం చేసే పని కూడా మీకే వస్తుంది. రెక్క తెరిచే రకం తీసుకుంటే పిడి తిప్పగానే చుట్టూ రబ్బరు నొక్కుకుంటుంది. గాలికీ మోతకూ అదే మేలు. మోత బాగా ఎక్కువైతే లామినేటెడ్ అద్దం, అంటే మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది అడగండి. పడమటి ఎండకు మాత్రం అద్దం ఒక్కటే చాలదు. బయట నీడ ఉండాలి. ఎండ లోపల పడ్డాక తెర వేస్తే వేడి అప్పటికే వచ్చేసి ఉంటుంది.

చిత్రిక:
బయట నీడ అన్న మాట ఒప్పుకుంటాను. మిగతా కిటికీలు మాత్రం ముట్టుకోకండి. తూర్పు, ఉత్తరం వైపువి పడమటివాటంత వాన తినవు, ఆ చెక్క మీ పిల్లల కాలం దాకా ఉంటుంది. వడ్రంగిని పిలవమని మీ వారితోనే చెప్పండి. తేదీ ఆయనే తీసుకోవాలి, ఆ రోజు ఇంట్లో ఆయనే ఉండాలి.

ఇంటిమనిషి:
ఆ చివరి వాక్యం మొదటి రోజే రాసి ఉంటే ఇంత చదివే బాధ తప్పేది.

పాతసామాను:
అద్దం ద్రవమేనని ఇంకోచోట కూడా చదివాను. లింకు దొరికితే పెడతాను.

కొత్తగాలి:
తాపీపని గారు చెప్పినట్టు నిన్న నీళ్లు పట్టాం. గట్టు మీద పట్టినప్పుడు ఏమీ లేదు, చట్రానికీ గోడకూ మధ్య అతుకు దగ్గరే తడి వచ్చింది. స్క్రూడ్రైవర్ పడమటి రెండు చట్రాల్లోనూ పిడి దాకా దిగింది. ఆ రెండూ మారుస్తున్నాం, రెక్క తెరిచే రకమే. పడకగదిదీ మార్చాలని నేను, దాని చెక్క గట్టిగానే ఉందని ఆయన. అది తేలలేదు. మిగతావాటికి వడ్రంగిని ఆయనే పిలుస్తానన్నారు, తేదీ ఇంకా చెప్పలేదు.

తాపీపని:
పాత చట్రం తీసిన రోజే గట్టు వాలు చూసి, గాడి పెట్టించి, అతుకు పూర్తిగా నింపించండి. కొత్తది బిగించాక చేస్తానంటే ఒప్పుకోకండి. అద్దం మందం, లోపలి ఉక్కు పట్టీ, అతుకు నింపే బాధ్యత ఎవరిదన్నదీ కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.