సంక్రాంతి స్టాల్‌లో అప్పటికప్పుడు ఫోటో ప్రింట్లు: క్యూ తగ్గే దారి చెప్పండి

మియాపూర్_క్లిక్
పోయిన భోగికి ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఫోటో స్టాల్ పెట్టాను. 200 ఫ్లాట్లు, సాయంత్రం 5 నుంచి 8. భోగిపళ్లు పోయించుకున్న పిల్లలతో ఫ్యామిలీ ఫోటో, 4x6 ప్రింటు, అట్ట ఫ్రేముతో కలిపి 150. కెమెరా దగ్గర నేను, ల్యాప్‌టాప్ దగ్గర మా తమ్ముడు. ఏడింటికల్లా క్యూ క్లబ్‌హౌస్ మెట్లు దిగిపోయింది. ఒకళ్ల ఫోటో ఇంకొకళ్లకి ఇచ్చేశాం. ఆఖరికి టేబుల్ మీద 60 ప్రింట్లు మిగిలాయి, తీసుకునేవాళ్లు లేరు. ఈసారి కూడా వాళ్లే పిలిచారు. ఎవరి ఫోటో ఎవరిదో గుర్తుపట్టడం ఎలా? డబ్బు ముందా, తర్వాతా? రెండో ప్రింటర్ కొనాలా? అట్ట ఫ్రేములు ఎక్కడ చవక? కరెంటు పోతే ఏం చేస్తున్నారు?

ఓరుగల్లు_లెన్స్
రెండో ప్రింటర్ ఎందుకన్నా? 3 గంటలంటే 180 నిమిషాలు. 200 కుటుంబాలకు పంచితే తలా 54 సెకన్లు. ఆర్‌ఎక్స్1 లాంటి డై-సబ్ ప్రింటర్ (రిబ్బన్ మీది రంగును వేడితోని పేపర్ మీదికి ఎక్కించేది) 4x6 కొట్టనీకి 12 సెకన్ల మీద కొంచెం తీస్కుంటది. ఇంటికి రెండు లెక్కన 400 ప్రింట్లయినా గంటన్నర పట్టదు. పని ఆగేది ప్రింటర్ కాడ కాదు, ల్యాప్‌టాప్ కాడ. మేడారం జాతరకు పోయే తొవ్వల స్టాల్ పెట్టినప్పుడు నా కండ్లతో చూసిన. అమ్మకు ఒకటి నచ్చుతది, బాపుకు ఇంకోటి. అమ్మమ్మ కండ్లు మూసిందని మళ్ల మొదటికెళ్లి చూస్తరు. పన్నెండు ఫోటోలు చూపెడితే నాలుగు నిమిషాలు పాయె. ఇప్పుడు మూడే తీస్తున్న, అందుల ఒకటి నేనే ఏరి పంపుతున్న. ఒక్కరు కూడా ఇంకోటి చూపెట్టమని అడగలే.

తణుకు_స్టూడియో
డై-సబ్ కొనమని ప్రతివాళ్లూ చెప్పేస్తున్నారు గానీ, ఏడాదికి మూడు ఈవెంట్లు చేసేవాడికి అంత పెట్టుబడి ఎందుకండీ? నా దగ్గర ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంది. పేపరుతో కలిపి ప్రింటు 5 రూపాయల్లోపే పడుతుంది. డై-సబ్‌లో పది దాటుతుంది. ఆ తేడా నాకు తక్కువేం కాదు.

డార్క్‌రూమ్_బాబాయ్
తణుకు గారూ, ఇంక్ ప్రింటు భోగిపళ్ల పేరంటంలో ఇచ్చి చూడండి. నేను ఇచ్చాను కాబట్టి చెబుతున్నాను. పేరంటంలో చేతులన్నీ తడి: పసుపు, గంధం, నానబెట్టిన శనగలు. ఒక పెద్దావిడ మనవడి ఫోటో అందుకుని బొటనవేలు సరిగ్గా బుగ్గ మీద పెట్టింది. వేలు తీసేసరికి బుగ్గ మీది రంగు చెవి దాకా సాగిపోయింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఫోటో టేబుల్ మీద పెట్టేసి వెళ్లిపోయింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. డై-సబ్‌లో పసుపు, గులాబీ, నీలం ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాక, నాలుగోసారి పైన పారదర్శక పొర పడుతుంది. తడి గుడ్డతో తుడిచినా ఏమీ కాదు.

తణుకు_స్టూడియో
మీరు చవక పేపరు వాడి తప్పు ప్రింటర్ మీదకు తోస్తున్నారు. మంచి ఆర్‌సీ పేపరు (ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో పేపరు) మీద వేసి రెండు నిమిషాలు ఆరనిచ్చి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇస్తే ఏ పసుపూ అంటదు. పదిహేనేళ్లుగా ఇస్తున్నాను, ఒక్క ప్రింటు వెనక్కి రాలేదు.

డార్క్‌రూమ్_బాబాయ్
1994 నుంచి ఈ పనిలో ఉన్నానండీ. ఫిలిం కడిగిన చేతులివి. పేపరు గురించి నాకు నేర్పక్కర్లేదు. 54 సెకన్లకు ఒక కుటుంబం అని పైన లెక్క వేసి చూపించారు. మీరు ఒక్కో ప్రింటు రెండు నిమిషాలు ఆరబెడితే, ఆరేవి ఎక్కడ పరుస్తారు, ఎవరిది ఏదో ఎలా చూస్తారు? మియాపూర్ గారి ఫోటోలు తారుమారైంది కూడా ఇలా టేబుల్ మీద పరచడం వల్లే అయ్యుంటుంది.

తణుకు_స్టూడియో
అనుభవం ఉన్నంత మాత్రాన ఎదుటివాళ్లని చిన్నబుచ్చనక్కర్లేదు. నా ఊళ్లో నా ప్రింట్లు చూసి మాట్లాడండి.

ఓరుగల్లు_లెన్స్
ఇద్దరూ ఆపుండ్రి. ఆయన అడిగింది వేరే ఉన్నది.

కమిటీ_సెక్రటరీ
నేను ఫోటోగ్రాఫర్‌ని కాను. మా అపార్ట్‌మెంట్ పండగ కమిటీలో ఉన్నాను. మా దగ్గర స్టాల్ పెట్టినతను అందరికీ ముందే ప్రింట్లు కొట్టేసి, చూపించి అమ్మాడు. అమ్ముడుపోనివి, వాడేసిన రిబ్బన్‌తో సహా మా చెత్తడబ్బాలో పడేసి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఊడ్చే ఆవిడ ఆ రిబ్బన్ తెచ్చి నాకు చూపించింది. వెలుతురుకు పెడితే మా పిల్లల ముఖాలన్నీ వరసగా నెగటివ్‌లా కనిపిస్తున్నాయి. ఏ ఫ్లాట్ పాప ఎవరో గుర్తుపట్టేంత స్పష్టంగా ఉంది. ఇది మీలో ఎంతమంది పట్టించుకుంటున్నారు?

డార్క్‌రూమ్_బాబాయ్
అమ్మా, మీరు చెప్పింది నిజం. రిబ్బన్ మీద ఒక్కో రంగుకు ఒక్కో గడి ఉంటుంది. ప్రింటయ్యేటప్పుడు ఆ రంగు పేపరు మీదకు దిగిపోతుంది, దిగిన చోటు ఖాళీగా మిగులుతుంది. అందుకే బొమ్మ కనిపిస్తుంది. నేను రిబ్బన్ ఇంటికి తెచ్చి ముక్కలు చేస్తాను. మిగిలిన ప్రింట్లు కూడా అంతే. ముందే డబ్బు తీసుకుంటే అసలు మిగలవు.

కాకినాడ_కెమెరా
డబ్బు ముందు అడిగితే సగం మంది వెళ్లిపోతారు బాబాయ్. ప్రింటు చేతిలో పెట్టి, పిల్లాడి నవ్వు చూశాక అమ్మ ఊరికే వదలదు. నాకు వందలో తొంభై అమ్ముడవుతాయి.

కమిటీ_సెక్రటరీ
దాన్నే మేం వద్దంటున్నాం. పాప ఫోటో చూపించి మొహమాటపెట్టి కొనిపించడం పండగ పూట బాగుండదు. ఈసారి మేమే ఇంటికి ఒక ప్రింటు లెక్కన మొత్తం కట్టేస్తామని చెప్పాం. అదనంగా కావలసినవాళ్లు అక్కడే కొనుక్కుంటారు. గొడవ లేదు, ఎవరి దగ్గరా చిల్లర అడగక్కర్లేదు.

కాకినాడ_కెమెరా
మీరు కట్టేది మాకు ఏ మూలకీ రాదు మేడం. కమిటీలు బేరమాడినట్టు పెళ్లివాళ్లు కూడా ఆడరు. పోయినేడు ఒకచోట పని అయిపోయాక మూడో వంతు కోసేశారు, ఇంకా రాలేదు ఆ డబ్బు.

కమిటీ_సెక్రటరీ
మీకు ఎవరో ఎగ్గొట్టారని మమ్మల్ని అంటే ఎలా? మా కమిటీ సగం ముందే ఇస్తుంది.

డాలస్_తెలుగోడు
ఇక్కడ డిసెంబరులో మాల్స్‌లో శాంటాతో ఫోటోలు తీసే పద్ధతి చూసి మా సంక్రాంతి ఫంక్షన్‌లో అలాగే చేశాం. వరసలో నిలబడకముందే ప్యాకేజీ ఎంచుకుని డబ్బు కట్టేస్తారు. కెమెరా ముందుకు వచ్చేసరికి బేరమేమీ మిగలదు. ఎవరి ఫోటో ఎవరిదన్నదానికి: టోకెన్ నంబరు పెద్దక్షరాలతో ఉన్న కార్డు పిల్లాడి చేతిలో పెట్టి మొదటి ఫోటో తీస్తాను. కార్డు తీసేసి మూడు ఫోటోలు. తర్వాతి కార్డు వచ్చేదాకా మధ్యలో ఉన్నవన్నీ ఆ నంబరువే. 170 కుటుంబాలు, ఒక్క తప్పు పోలేదు. నేను చిన్నప్పుడు మా ఊరి తిరునాళ్లలో చందమామ కటౌట్‌లో కూర్చుని తీయించుకున్న ఫోటోకి కూడా చీటీయే ఇచ్చారు. వారం తర్వాత స్టూడియోకి వెళ్లి తెచ్చుకున్నాం.

ఓరుగల్లు_లెన్స్
చందమామ కటౌట్ మా దగ్గర కూడ ఉండేది! దాని పక్కన బుల్లెట్ బండి బొమ్మ. కూసునే చోట బల్ల, ముందల రంగేసిన అట్ట. మా బాపు దానిమీద తీయించుకున్న ఫోటో ఇంకా గోడకున్నది.

కాకినాడ_కెమెరా
మా నాన్న అలాంటి ఫోటోలకు వెనక కట్టే బొమ్మల కర్టెన్లు గీయించేవారు. తాజ్‌మహల్ ఒకటి, జలపాతం ఒకటి. తుఫానుకి తడిసి పోయాయి రెండూ.

మియాపూర్_క్లిక్
టోకెన్ కార్డు పద్ధతి రేపే తయారు చేసుకుంటాను. మూడు ఫోటోలు తీసి నేనే ఏరడం మాత్రం భయంగా ఉంది, వాళ్లకు నచ్చకపోతే? కరెంటు సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఓరుగల్లు_లెన్స్
నచ్చకపోతే ఇంకోటి కొట్టియ్యి. వందకు రెండో మూడో పోతయి, అంతే. కరెంటుకు యూపీఎస్ పెట్టు, కానీ ఇంట్లో కంప్యూటర్‌కు వాడే చిన్నది పెట్టకు. ప్రింటర్ హెడ్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగుతది, నాది అక్కడ్నే ట్రిప్పయింది. జనరేటర్ అందుకునే పది సెకన్లల్ల సగంల ఉన్న ప్రింటు పాయె, ఆ రిబ్బన్ గడులు కూడ పాయె. పొద్దుగాల భోగిమంట కాడ కూడ తీసేదుంటే ప్రింటర్‌ను గాలికి ఎదురు పెట్టకు. బూడిద లోపలికి పోతే ప్రతి ప్రింటు మీద ఒకే చోట తెల్ల గీత పడుతది. ముగ్గుపిండితో కూడ అట్లనే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాని గుడ్డ దగ్గర పెట్టుకో.

తణుకు_స్టూడియో
బూడిద ఇంక్ ప్రింటర్‌కి కూడా శత్రువే, అది ఒప్పుకుంటాను. భోగిమంట దగ్గర తీసేటప్పుడు వైట్ బ్యాలెన్స్ (వెలుతురును బట్టి రంగులు సరిచేసే కెమెరా సెట్టింగ్) ఆటోలో వదలొద్దు. మంట వైపు తిరిగినప్పుడు ఒక రంగు, ఫ్లాష్ పడినప్పుడు ఒక రంగు వస్తుంది. రెండొందల ఫోటోలు విడివిడిగా సరిచేస్తూ కూర్చుంటే క్యూ కదలదు. ఒకసారి సెట్ చేసి లాక్ చేసేయండి, ఫ్లాష్ కూడా మాన్యువల్‌లోనే.

డార్క్‌రూమ్_బాబాయ్
తణుకు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి.

మియాపూర్_క్లిక్
అట్ట ఫ్రేములు?

కమిటీ_సెక్రటరీ
హైదరాబాద్ పాతబస్తీ ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు వేసేవాళ్లను అడగండి. మందపాటి అట్ట మీద, 4x6 పట్టేలా కిటికీ కోసి ఇస్తారు. మా కమిటీ అక్కడే చేయించింది. డిసెంబరు మొదట్లోనే వెళ్లండి, ఆ తర్వాత కొత్త సంవత్సరం క్యాలెండర్ల పనిలో వాళ్లకు తీరిక ఉండదు. తేదీ మాత్రం వేయించకండి, మిగిలినవి వచ్చే ఏడాదికి పనికొస్తాయి.

మియాపూర్_క్లిక్
ఈ ఆదివారమే వెళ్తున్నాను. 250 చెప్తాను. రిబ్బన్ సంగతి కూడా వాళ్ల కమిటీకి ముందే చెప్పేస్తాను.