రాయించడం భాషా మాస్టార్ల పనేనా, అన్ని సబ్జెక్టులదీనా? (ముగ్గురు డిగ్రీ లెక్చరర్ల మాటలు)

కామర్స్, అమలాపురం:
డిగ్రీలో ప్రతి సబ్జెక్టులోనూ పిల్లల చేత రాయించాలి, ఆ రాతల్నే పాఠంగా వాడాలి అంటున్నారు. అమెరికా కాలేజీల్లో 1970ల నుంచీ ఉన్న పద్ధతే. కానీ 60 మంది సెక్షన్‌లో కాగితానికి 8 నిమిషాలేసుకున్నా 8 గంటల దిద్దుబాటు. సిలబస్ ఎవరు పూర్తిచేస్తారండీ?

ఆక్వాకల్చర్, భీమవరం:
అన్నీ దిద్దమని ఎవరన్నారు మాస్టారూ? పీరియడ్ చివర 5 నిమిషాలు, అర ఠావు, ఒకే ప్రశ్న, మార్కుల్లేవు. ఏవో 10 తీసి చదివితే క్లాసు ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

కష్టమంతా ప్రశ్న తయారుచెయ్యడంలోనే. ‘కరిగిన ఆక్సిజన్ ప్రాముఖ్యం వివరించుము’ అంటే గైడు దిగుతుంది. ఇలా అడగండి: వనామీ రొయ్యల చెరువులో మధ్యాహ్నం 2 గంటలకు కరిగిన ఆక్సిజన్ లీటరుకు 9 మిల్లీగ్రాములు, తెల్లారగట్ల 5కి 3. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.6 నుంచి 7.8కి దిగింది. ఏరేటర్లు (నీళ్లని చిలికి గాలి కలిపే యంత్రాలు) ఎప్పుడు తిప్పాలో, ఎందుకో రైతుకు 6 వాక్యాల్లో చెప్పండి.

చాలామంది ‘రాత్రి రొయ్యలు ఆక్సిజన్ పీల్చేస్తాయి’ అని ఆగిపోతారు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టనే (నీటిలో తేలే సూక్ష్మమైన నాచు) చీకటి పడ్డాక దాన్ని వాడుకుంటుందని, అడుగు బురదలో బాక్టీరియా కూడా లాగుతుందని, వెలువడిన కార్బన్ డయాక్సైడే పీహెచ్‌ని దించిందని రాయరు. బిట్ పేపర్లో ఈ లోటు బయటపడదు.

ఇంగ్లిష్, నరసాపురం:
మరి భాష? మీడియం ఇంగ్లిషు కదా అని మొదటి చిత్తే ఇంగ్లిషులో రాయమంటే, వాక్యం కోసం తడుముకుంటూ విషయం వదిలేస్తారు. చిత్తు తెలుగులోనో రెండూ కలిపో రానివ్వండి. మార్కులకిచ్చేది ఇంగ్లిషులో ఉంటే చాలు.

నా భయం పిల్లల రాతల్ని క్లాసులో తెర మీద చూపించడం గురించి. దస్తూరీ చూసి ఎవరిదో ఇట్టే పట్టేస్తారు. పిల్లల్ని అడిగి, టైపు చేసి, పేరు తీసి, వేరే సెక్షన్‌లో వాడాలి. బాగున్నదొక్కటే చూపిస్తే మర్నాడు అందరూ అదే దింపేస్తారు. ఓ మోస్తరువి రెండు పక్కపక్కన పెట్టి, కారణం ఏ వాక్యం దగ్గర తెగిందో వాళ్లచేతే చెప్పించాలి.

కామర్స్, అమలాపురం:
మార్కుల్లేకపోతే రెండో వారానికే తెల్లకాగితాలొస్తాయి. మార్కులుంటే దిద్దాలి. మళ్లీ మొదటికే వచ్చాం.

ఆక్వాకల్చర్, భీమవరం:
రాసినవన్నీ వాళ్ల దగ్గరే ఉంచుకుని, ఒకటి ఎంచుకుని తిరగరాసి ఇవ్వాలి. దానికే 5 మార్కులు: కారణానికి 3, అంకెలు వాడినందుకు 1, అర్థమయ్యేలా ఉన్నందుకు 1. వ్యాకరణం జోలికెళ్లకండి, టైమంతా అదే తినేస్తుంది. చిత్తు జతచెయ్యనిది తీసుకోవద్దు. సీనియర్ల రికార్డు దింపుడూ, ఫోన్లో ఏఐ రాసిచ్చిందీ చాలామటుకు అక్కడే ఆగుతాయి. పూర్తిగా ఆగవనుకోండి.

మీ సబ్జెక్టులోనే చూడండి: కొబ్బరి వ్యాపారికి లెక్కల్లో 2 లక్షల లాభం, బ్యాంకులో మాత్రం ఏమీ లేదు. డబ్బు ఎటుపోయిందో అతనికి ఉత్తరం రాయమనండి.

కామర్స్, అమలాపురం:
ఈ ప్రశ్న పనికొస్తుంది. సగం మంది ‘తరుగుదలకు పోయింది’ అంటారు, చూడండి. తరుగుదల, అంటే సామాన్లు పాతబడి తగ్గే విలువ, లాభాన్ని తగ్గిస్తుందే గానీ చేతిలో డబ్బు తియ్యదు. రావలసిన బాకీలు, గోదాంలో సరుకు, అప్పు వాయిదాలు, సొంత వాడకాలు వెతకాలి. లెక్క సరిగ్గా చేసినవాడు కూడా ఇక్కడ తడబడతాడు. అయినా అకౌంట్స్‌కి లెక్కల సాధనే ముఖ్యం. 5 యూనిట్లకు 5 ఉత్తరాలు, అంతకుమించి ఒప్పుకోను.